చుక్కాని విన్న వాదం

నేను చుక్కానిని. ఒళ్ళు తుమ్మచెక్క, ఊరు ఓడలరేవు, పని వైనతేయ దాటించడం. అవతలి ఒడ్డు కరవాక. నా పిడి సరంగు చేతిలో ఉంటుంది. ఆయన ఎటు తోస్తే అటు తిరుగుతాను. అయితే పాటు వేళ ఏరు సముద్రంలోకి లాగుతుంటే ఆయన ఇష్టం ఒక్కటే చాలదు. నీటి వాలు చూసుకుని, పడవ ముక్కు ఎగువకు పెట్టి, ఏటవాలుగా ఒడ్డు పట్టాలి. అందుకే ఇష్టం పెద్దదా, నియమం పెద్దదా అని ఎవరు వాదించుకున్నా చెవి ఒగ్గుతాను.

1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమ మీద పడింది. వందల మంది పోయారు. కొబ్బరి తోటలు వేళ్ళతో లేచిపోయాయి. ఆ తరవాత ఒకనాడు అంతర్వేది వెళుతూ ఒక శాస్త్రిగారు, ఆయన దగ్గర చదువుకునే కుర్రాడు పడవెక్కారు. బల్ల చివర కొడుకును పోగొట్టుకున్న తల్లి కూర్చుంది. పక్కనెవరో "నీ ఖర్మ తల్లీ" అన్నారు ఓదార్పుగా. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఇదంతా స్వామి సంకల్పమేనాండి, గురువుగారూ?" అన్నాడు కుర్రాడు.

"బ్రహ్మసూత్రాల్లోనే ఉందిరా ఈ ప్రశ్న. ఒకడికి సుఖం, ఒకడికి దుఃఖం ఇస్తే ఈశ్వరుడికి పక్షపాతం అంటదా అని. ఎవరి కర్మను బట్టి వారికిస్తాడు కాబట్టి అంటదన్నారు శంకరులు. మరి కర్మకు లోబడినవాడు స్వతంత్రుడెలా అవుతాడు? వల్లభాచార్యులవారు పట్టుకున్నది అక్కడే."

వల్లభులు వెలనాటి తెలుగు కుటుంబీకులు. 1479లో చంపారణ్యంలో పుట్టి, 1531లో కాశీలో దేహం విడిచారు. కర్మను బట్టి ఫలమివ్వడం స్వామి తనంతట తాను పెట్టుకున్న కట్టడి, అది మర్యాద. తలచుకుంటే ఏ అర్హతా చూడకుండా అనుగ్రహిస్తాడు, అది పుష్టి అన్నారాయన. ఐరోపాలోనూ 1715–16లో లైబ్నిజ్, క్లార్క్ అనే తాత్త్వికులు ఇష్టమా, నియమమా అన్న ఈ ప్రశ్న మీదే ఉత్తరాల్లో తలపడ్డారట. తగిన కారణం లేనిదే దేవుడు ఏదీ సంకల్పించడని లైబ్నిజ్. ఒక్కోచోట దేవుడి సంకల్పమే చాలినంత కారణమని క్లార్క్. లైబ్నిజ్ కన్నుమూయడంతో ఆ ఉత్తరాలు ఆగిపోయాయి.

"మరి ఆ రాత్రి పుష్టి ఎందుకు రాలేదండి?"

"లెక్క కట్టి రాబట్టుకునేదైతే అది అనుగ్రహం ఎలా అవుతుందిరా?"

కుర్రాడికి ఆ జవాబు చాలలేదు. నాకూ చాలలేదు. అయినా నేను వల్లభుల పక్షమే. కర్మ కూడా స్వామి పెట్టిన కట్టడే అయినప్పుడు, ఎందుకిలా జరిగిందన్న ప్రశ్న బల్ల చివరి తల్లి దగ్గర ఆగిపోదు; నేరుగా ఆయన దాకా పోతుంది.