బకాయీశ్వర స్తోత్రం

స్వామీ బకాయీశ్వరా! ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008-09లో ఫీజు రీయింబర్స్‌మెంట్ విస్తరించాకే కూలినాలి జనం పిల్లలు ఇంజినీరింగ్ కాలేజీ గేటు దాటారు. ఆ పుణ్యం కాదన్నవాడి కళ్లు పోతాయి. అయితే లోపలికి పంపే దేవుళ్లు ఎవరైనా ఉంటారు. బయటికి పోనీయకుండా కాపాడేవాడివి నువ్వొక్కడివే!

నీ పూజాద్రవ్యాలు స్వల్పం. ఆదాయం పత్రం, కులం పత్రం, ఈపాస్ దరఖాస్తు, మీసేవలో వేలిముద్ర. సెలవుల్లో మట్టిపనికి పోయి వేలిగీతలు అరగదీసుకున్న కుర్రాణ్ణి ఆ మిషన్ నువ్వు నువ్వు కాదు పొమ్మంటుంది. 'నేనెవరు?' అన్న ప్రశ్నకు ఋషులు ఏళ్లూ పూళ్లూ తపస్సు చేశారు. వీడికది మీసేవ క్యూలోనే ప్రాప్తించింది.

తెలంగాణలో ఎప్‌సెట్ ర్యాంకు పదివేలు దాటిన బీసీ బిడ్డకు ఏటా 35,000 అని గీత గీశావు. ఫీజులు లక్ష దాటిన కాలేజీలున్నా నీ గీత చెరగలేదు. ఇంతగా మాట మీద నిలబడ్డవాణ్ణి హరిశ్చంద్రుడి తర్వాత నిన్నే చూశాం. ఆ 35,000 కూడా తొందరపడి ఇచ్చేయవు. ముందు కాలేజీకి డబ్బుకు బదులు టోకెన్ ఇస్తావు. తిరుమల టోకెన్‌కైతే ఏదో ఒక పూట దర్శనం అయిపోతుంది, భక్తి అక్కడితో చల్లారుతుంది. నీ టోకెన్‌కు ఆ ప్రమాదం లేదు.

ఆంధ్రలో నీ లీల మరో తీరు. డబ్బు ఒక సర్కారులో తల్లుల ఖాతాకు, మరో సర్కారులో కాలేజీ ఖాతాకు దారి పట్టింది. జెండాలు మారాయి, పథకం పేరు మారింది. నువ్వు మాత్రం స్థిరుడివి.

నీ కరుణ చూడాలంటే కాలేజీ ఆఫీసు కిటికీ దగ్గర చూడాలి. ఉద్యోగం తెచ్చుకున్న పిల్ల అక్కడ నిలబడి ఉంటుంది. సోమవారం చేరాలి. ఆమె టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టీసీ లోపల బీరువాలో భద్రంగా ఉన్నాయి. గుమాస్తా ఎంత మర్యాదస్తుడో! "ముందు మీరు కట్టేయండమ్మా, గవర్నమెంటు వేశాక తిరిగిచ్చేస్తాం" అంటాడు. ఒరిజినల్స్ అట్టిపెట్టుకోవద్దని యూజీసీ 2018లోనే చెప్పింది. పాపం, ఢిల్లీ మాట ఆ బీరువా తాళం దాకా నడిచి రావాలి కదా! ఈలోగా తల్లి మెడలో గొలుసు తాకట్టుకు పోతుంది, పిల్ల సర్టిఫికెట్లు ఇంటికొస్తాయి. ఉచిత చదువుకు వడ్డీ కట్టించిన ఘనత ముల్లోకాల్లో నీకు తప్ప ఎవరికి దక్కింది తండ్రీ?

ఫలశ్రుతి: ఈ స్తోత్రాన్ని ప్రతి విద్యా సంవత్సరం మొదట భక్తితో పఠించిన మంత్రికి చప్పట్లు, కాలేజీకి టోకెన్, తాకట్టు వ్యాపారికి గొలుసు సిద్ధించును. విద్యార్థికి రావలసినది వచ్చే బడ్జెట్‌లో పరిశీలింపబడును.