టీకి టీక, పీకి తాత్పర్యం

మూలం: టీ (38) = 2.31; పి < 0.05

అవతారిక: వేలూరులో సైకాలజీ ఎమ్మే చదివే మా మనవరాలు, అణైకట్టులో మా ఇంటి అరుగు మీద కూచుని ఈ పంక్తిని నా ముందుకు తోసింది. "పద్యాలకు అర్థం చెప్తావే తాతా, దీనికి చెప్పు చూద్దాం" అంది. హాస్టలు పిల్లలు ఇరవై మంది, రోజూ బస్సులో వచ్చేవాళ్లు ఇరవై మంది. పరీక్షల భయం ఎవరికి ఎక్కువ? అంకెలు నిజం పిల్లలవి కావట, లెక్క నేర్పడానికి క్లాసులో అల్లినవట. అయితేనేం, ఏళ్ల తరబడి వాచకాలకు ప్రతిపదార్థం చెప్పిన నోరు ఊరుకుంటుందా? గణాలు కుదరలేదు, యతి లేదు. సూత్రం మాత్రం సూత్రమే: అక్షరాలు తక్కువ, తగువులు ఎక్కువ.

ప్రతిపదార్థం: టీ = తాగేది కాదు. రెండు గుంపుల సగటులకు మధ్య ఉన్న తేడాను, ఆ తేడా మామూలుగా ఎంత అటూ ఇటూ ఊగుతుందో ఆ ఊగుతో భాగిస్తే వచ్చేది. ఆ ఊగునే ప్రామాణిక దోషం అంటారు. ఒక్కో పిల్ల భయం ఒక్కో తీరుగా చెదిరి ఉంటే హారం బలుస్తుంది, టీ చిక్కిపోతుంది. 1908లో ఈ లెక్కకు దారి వేసిన విలియం గాసెట్ డబ్లిన్‌లో గిన్నెస్ బీరు కంపెనీ ఉద్యోగి. సొంత పేరుతో అచ్చు వేసుకోవడానికి కంపెనీ ఒప్పుకోక 'స్టూడెంట్' అని పెట్టుకున్నాడు. బీరు బట్టీలో పుట్టినదానికి టీ అని పేరు నిలవడం విరోధాభాసాలంకారం.

(38) = డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్. ఇరవయ్యీ ఇరవయ్యీ నలభై కదా, రెండేమయ్యాయి అని శంక. సమాధానం: ఐదు వంకాయలు సరిగ్గా అరకిలో తూగాలని పందెం వేసుకో. నాలుగు నీ ఇష్టమొచ్చినవి ఏరుకోవచ్చు. ఐదోదానికి ఇష్టాయిష్టాలు లేవు, తరుగు పడ్డ బరువే అది తూగాలి. సగటు తేలిపోయిన ప్రతి గుంపులోనూ ఒక వంకాయకు స్వేచ్ఛ పోతుంది. గుంపులు రెండు, పోయినవి రెండు.

2.31 = గడప దాటిన అంకె. 38కి గడప ఎత్తు 2.02.

పి = ఇక్కడే పండితులు కూడా జారిపడతారు. పూర్వపక్షి అంటాడు: "పి ఐదు శాతం లోపు ఉంది, కాబట్టి తేడా ఉందన్న మాట తొంభై ఐదు శాతం నిజం." ఖండిస్తున్నాం. ముందు అసలు తేడా ఏమీ లేదనుకోవాలి. దాని పేరు శూన్య పరికల్పన. అలా అనుకున్న తర్వాత, ఏ పిల్లలు చేతికి చిక్కారన్న అదృష్టం వల్లనే ఇంత తేడా గానీ ఇంతకు మించి గానీ కనబడే అవకాశం ఎంతో, అదే పి. శూన్యం నిజమా కాదా అన్నది అది చెప్పదు. వానొస్తే వాకిలి తడుస్తుంది. తడిసిన వాకిలి చూసి వానొచ్చిందనేవాడు, మీ అవ్వ కళ్లాపి చల్లిన సంగతి మరిచినవాడు.

0.05 = ఆనకట్ట. మా ఊరి పేరులోనే ఉంది: అణైకట్టు అన్నా ఆనకట్ట అన్నా ఒకటే మాట. ఏటిలో పుట్టిన బండ వేరు, మనిషి కట్టిన కట్ట వేరు. ఇరవైలో ఒకటి అన్న హద్దు వాడుకకు అనువుగా ఉందని 1925లో తన పుస్తకంలో రాసినవాడు రోనాల్డ్ ఫిషర్. సంప్రదాయం మనకూ పరాయిది కాదు. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదివిన మన సి.ఆర్. రావు, 1948లో కేంబ్రిడ్జిలో డాక్టరేట్ చేసింది ఆ ఫిషర్ దగ్గరే. తర్వాతివాళ్లు కట్టను బండ అనుకున్నారు. 0.049కి పూలదండ, 0.051కి వీడ్కోలు. దండ దొరకని ప్రయోగాలు బీరువాలోకి పోతాయి గనక అచ్చులో కనిపించేవి దాదాపు అన్నీ గట్టు దాటినవే. 2015లో వంద సైకాలజీ ప్రయోగాలను మళ్లీ చేసి చూశారు. మొదటిసారి నూటికి 97 గట్టు దాటాయి; రెండోసారి దాటినవి 36. మరుసటేడు అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్, ఒక్క పి గట్టు దాటిందని తీర్మానాలు చేయకండని ప్రకటనే ఇచ్చింది.

తేడా ఎంత పెద్దదో కూడా పి చెప్పదు. దానికి కోహెన్ 'డి' అని ఉంది, ఈ అంకెలకు 0.73 వస్తుంది. అది వేరే పద్యం.

తాత్పర్యం: రెండు గుంపుల భయమూ ఒకటే అయితే, ఇలాంటి తేడా అరుదుగా కనబడుతుంది. అంతే. ఎందుకు భయమో, బస్సు వల్లనో, ఇంటి పని వల్లనో, మూలంలో లేదు. మూలంలో లేనిది టీకలో చేర్చకూడదు.

ఉదాహరణ: పాలు ముందు పోశారో, టీ ముందు పోశారో రుచి చూసి చెప్తానంది మ్యూరియల్ బ్రిస్టల్ అనే ఆవిడ. ఫిషర్ ఎనిమిది కప్పుల పరీక్ష తలపెట్టాడు, నాలుగు ఇలా, నాలుగు అలా. ఎనిమిదింట్లో నాలుగు ఏరడానికి 70 దారులు. గుడ్డిగా ఏరి అన్నీ సరిగ్గా చెప్పే అవకాశం 70లో 1.

ఇది విన్న మా ఆవిడ వంటింట్లోంచి, "ఇలవంబాడి ముళ్ల వంకాయను కళ్లు మూసుకుని చెప్తా" అంది. మనవరాలు ఎనిమిది గిన్నెల్లో కూర పెట్టింది, నాలుగు మన కాయ, నాలుగు మార్కెట్ కాయ. కళ్లకు తువ్వాలు కట్టారు. అవ్వ ఏరిన నాలుగింట్లో మూడు సరి, ఒకటి తప్పు. పిల్ల కాగితం మీద గీసి, "మూడో నాలుగో సరిపడే దారులు 70లో 17. పి 0.24. గట్టు దాటలేదవ్వా" అంది.

అవ్వ తువ్వాలు విప్పి, తప్పిన గిన్నె ముందుకు జరిపింది. "దీంట్లో ఉప్పెయ్యలేదు. వండింది నువ్వా, నేనా?"

పిల్ల నాలిక్కి రాసుకుని చూసింది. నోటుబుక్కు తెరిచి 'అన్ని గిన్నెలూ ఒకే చేతి ఉప్పు' అని రాసుకుంది. రేపు మళ్లీ ఎనిమిది గిన్నెలట. ఇవాళ్టి ఎనిమిదీ తొట్టిలో నానుతున్నాయి, ఇద్దరూ నావైపే చూస్తున్నారు.