ఫిల్టరు పిప్పికి సంజీవనీ వ్యాఖ్య

మూలం: వాడిన కాఫీపొడి పారవేయకుము, మొక్కలకు అదియే అమృతము.

అవతారిక: పెరట్లో అడుగుపెట్టని సర్వజనహితోపదేశకులు ఈ వాక్యాన్ని కోనసీమలోని అప్పనపల్లి దాకా మోసుకొచ్చారు. చెడ్డ వ్యాఖ్యల విషానికి కాళిదాసు వాక్కు మూర్ఛపోయిందని కోలాచల మల్లినాథసూరి తన టీకకు సంజీవని అని పేరు పెట్టాడు. ఇక్కడ మూర్ఛపోతున్నది శ్రోతలు. కనుక ఈ వ్యాఖ్య. ‘వాడిన’, ‘కాఫీపొడి’: స్పష్టం. ఇన్‌స్టంట్ కాఫీకి పిప్పే మిగలదు గనుక ఆ శాఖవారికి ఈ శాస్త్రంలో అధికారం లేదు.

టీక: ‘అమృతము’ అన్నది విచార్యం. అప్పనపల్లి బాలబాలాజీ గుడి చెంత పారే గోదావరి పాయ వైనతేయ. అది వినతాసుతుడైన గరుత్మంతుడి పేరు. ఆయన తన తల్లి దాస్యం తీర్చడానికి పాములు అడిగిన అమృతకలశం తెచ్చి దర్భల మీద పెట్టాడు. పాములు స్నానానికి వెళ్లాయి, ఇంద్రుడు కలశం ఎత్తుకుపోయాడు. తిరిగొచ్చిన పాములు ఉత్త దర్భలు నాకి నాలుకలు చీల్చుకున్నాయి. లేని అమృతానికి ఆశపడితే నాలుక రెండవుతుందని ఇందులోని నీతి. మూలకారుడికీ అదే గతి పట్టింది. ఒక నాలుక పిప్పి మొక్కను పెంచుతుందంటుంది. రెండోది కలుపును చంపుతుందంటుంది. ఏది కలుపో, ఏది బంతినారో పిప్పికి ఎవరు చెప్పాలి? కెఫీన్ లేత మొలకలను అణచగలదు గనుక నారుమడిలో పచ్చిపిప్పి చల్లరాదు. పులుపు గనుక గులాబీకి మేలట! ఆ పులుపులో చాలాభాగం డికాషన్‌తోనే దిగిపోతుంది; మిగిలిన పిప్పి ఇంచుమించు తటస్థం.

ప్రకృతానికి వద్దాం. పిప్పిలో నత్రజని లేదా అని పూర్వపక్షం. ఉంది, ఎండుపిప్పిలో సుమారు 2 శాతం. రోజుకు 30 గ్రాముల పొడి వాడే ఇంట్లో ఏడాదికి 11 కిలోలవుతుంది. సారం దిగి ఎండాక 8 కిలోలు మిగిలిందనుకుంటే నత్రజని 160 గ్రాములు. కాపుకొచ్చిన కొబ్బరిచెట్టుకు ఏటా 500 గ్రాముల నత్రజని, దానికి రెట్టింపును మించి పొటాష్ వేయమని సిఫారసు. అంటే ఒక్కో చెట్టు నత్రజనికే సుమారు మూడిళ్ల కాఫీ కావాలి. 60 చెట్లున్న ఎకరానికి సుమారు 180 ఇళ్లు. కోనసీమ తోటలను ఈ లెక్కన పోషించాలంటే జిల్లా మొత్తం నిద్ర మానుకోవాలి.

కుండీలకు పనికిరాదా, గిన్నెలు తోమడానికి పనికిరాదా అని రెండో పూర్వపక్షం. ఎండుటాకులతో కలిపి మాగనిస్తే నిక్షేపంగా పనికొస్తుంది. కానీ తోమడానికి కొబ్బరిపీచు, పాదుకు పశువుల పెంట ఉన్న సీమలో ఈ పిప్పిని ఆరబెట్టి, బూజు పట్టకుండా కలియదిప్పి, సీసాకెత్తేదెవరు? ఉపదేశం వాలుకుర్చీది, చాకిరీ వంటింటిది. పొదుపు పాఠాలన్నీ చివరికి ఇల్లాలి నెత్తికే చేరతాయి. చెప్పినవాడికి పుణ్యం, ఆమెకు ఇంకో పని. గరుత్మంతుడి అమృతం తల్లి దాస్యం తీర్చింది. వీరి అమృతం తల్లికి కొత్త దాస్యం తెచ్చింది.

తాత్పర్యం: పిప్పి అమృతమూ కాదు, విషమూ కాదు, ఎరువుగుంటలో పడవలసిన పిడికెడు పదార్థం. దాన్ని అక్కడిదాకా మోయవలసినవాడు కాఫీ తాగినవాడు. వచ్చేటప్పుడు ఫిల్టరు కూడా అతడే కడిగి బోర్లించాలి.