లండన్ దగ్గర, కోదాడ దూరం

ప్రతి పట్టానూ 4.5 నుంచి 8 వరకు ఏదో ఒక మెట్టుపై నిలిపే జాతీయ ఉన్నత విద్యార్హతల చట్రాన్ని యూజీసీ 2023లో వెలువరించగా, ఒక దేశపు పట్టాను మరొక దేశం తన పట్టాతో సమానంగా ఎంచే పరస్పర గుర్తింపు ఒప్పందం అంతకుముందే, 2022 జూలైలో, బ్రిటన్‌తో కుదిరింది. నందిగామ తల్లిదండ్రులు పొలం అమ్మి చదివించే ఇంజనీరింగ్, వైద్యం, ఫార్మసీ మాత్రం ఆ ఒప్పందంలో లేవు. ఆ ఒప్పందం పుణ్యమా అని లండన్‌లో ఎం.ఏ. చేరడానికి అర్హుడైన జగ్గయ్యపేట బి.ఏ. విద్యార్థి, రాష్ట్ర విభజన చట్టం ఇచ్చిన పదేళ్ల ఉమ్మడి ప్రవేశాల గడువు 2024 జూన్ 2తో తీరిపోయినందున, గరికపాడు చెక్‌పోస్టు దాటి తెలంగాణలోని కోదాడలో అడుగుపెట్టగానే ఆ ఆసరా కూడా లేని స్థానికేతరుడు, అనగా పక్క ఊరి పరాయివాడు, అవుతాడు. ఆ పరాయితనపు మెట్టుకు చట్రంలో అంకె ఇంకా కేటాయించలేదు.