చుట్టేయండి, తర్వాత చూసుకుందాం

రియాక్ట్ యాప్‌లో నాలుగు స్క్రీన్లలో లాగిన్ చెక్ కావాలి. కోడ్ నాలుగుచోట్లా కాపీ కొడితే రివ్యూలో దొరికిపోతారు. అందుకని ఒక హయ్యర్ ఆర్డర్ కాంపొనెంట్ రాయండి: కాంపొనెంట్‌ను తీసుకుని, చెక్ తగిలించి, కొత్త కాంపొనెంట్‌గా తిరిగిచ్చే ఫంక్షన్. పేరు ‘విత్ ఆథ్’. ఇంతవరకు సబబే. సబబైన చోట ఆగిపోవడమే మనవాళ్ల బలహీనత.

అమెరికా వెళ్లే కొడుక్కి ఆవకాయ కట్టే తల్లి ఒక్క కవరుతో ఊరుకుంటుందా? మీరూ విత్ ఆథ్ మీద విత్ థీమ్, దానిమీద విత్ రౌటర్, ఆపైన రీడక్స్ వారి కనెక్ట్ చుట్టండి. డిస్‌ప్లే నేమ్ మాత్రం పెట్టకండి. పెడితే డెవ్‌టూల్స్‌లో ఏ పొర ఏదో తెలిసిపోతుంది.

చుట్టడం ఎక్కడ? ఫైల్లో, కాంపొనెంట్ బయట, ఒక్కసారే అని డాక్యుమెంటేషన్ మొత్తుకుంటుంది. వినకండి. రెండర్ లోపలే చుట్టండి. రెండరైన ప్రతిసారీ కొత్త కాంపొనెంట్ పుడుతుంది. ఇదెవరో వేరే మనిషి అనుకుని రియాక్ట్ పాతదాన్ని స్టేట్‌తో సహా పీకేసి, మొదటినుంచి కడుతుంది. ప్రతి అక్షరం పేరెంట్ స్టేట్‌లోకి వెళ్లే ఫామ్‌లో దీని అందం చూడాలి: యూజర్ ఒక అక్షరం కొట్టగానే ఇన్‌పుట్ బాక్సే మారిపోయి, కర్సర్ మాయమవుతుంది. మళ్లీ క్లిక్, మళ్లీ ఒక అక్షరం. ఇలా ఆచితూచి రాసే జనాన్ని తయారుచేస్తున్నారు మీరు. టెస్టర్ బగ్ వేస్తే “నా మెషీన్‌లో బాగానే ఉందే” అనండి. మీరు టెస్ట్ చేసేది ఎప్పుడూ ఒక్క అక్షరమే కదా!

ఈ పొరల్లో కనీసం రెండు ‘డేటా’ అనే ప్రాప్‌నే పంపాలి. ఎవరిది నెగ్గుతుందో చుట్టిన వరుసను బట్టి ఉంటుంది; వరుస మార్చినవాడిదే పాపం. స్టాటిక్ మెథడ్స్ పై పొరకు వాటంతటవి రావు, పోనివ్వండి. రెఫ్ లోపలిదాకా వెళ్లడానికి 2018లో రియాక్ట్ 16.3తో ఫార్వర్డ్ రెఫ్ ఇచ్చారు, అదీ పోనివ్వండి.

పేర్లు కొట్టుకుంటున్నాయని, ఏది ఎక్కడినుంచి వస్తోందో అంతుబట్టడం లేదని కాంపొనెంట్ల మధ్య కోడ్ పంచుకునే పాత పద్ధతైన మిక్సిన్లను రియాక్ట్ బృందం 2016లో వద్దంది. ఆ లోటు ఎవరో ఒకరు తీర్చాలిగా.

2019 ఫిబ్రవరిలో రియాక్ట్ 16.8తో, ఏమీ చుట్టకుండానే కోడ్ పంచుకునే హుక్స్ వచ్చాయి. టీమ్‌లో కుర్రాడెవడో “అన్నా, ఇదంతా ‘యూజ్ ఆథ్’ అని ఒక్క లైన్‌తో పోతుంది కదా” అంటాడు. భుజం తట్టండి. హుక్ రాయించండి. రాశాక, దాన్ని ‘విత్ యూజ్ ఆథ్’లో చుట్టి తెమ్మనండి.