తువ్వాల పరీక్ష

ఏ ఆదివారమైనా లేపాక్షి వీరభద్రాలయానికి పోయి చూడండి. హిందూపురం నుంచి పదిహేను కిలోమీటర్లు బస్సులో ఊగుతూ వచ్చిన జనం, గుళ్లో డెబ్బై దాకా స్తంభాలుంటే అన్నిటినీ వదిలేసి ఒక్కదాని కాళ్ల దగ్గర కూలబడతారు. ఇటునుంచి తువ్వాల దూర్చి అటునుంచి లాగుతారు. తువ్వాల లేనివాడు చేతిరుమాలు, అదీ లేకపోతే పెండ్లాం కొంగు. "వస్తాంది రా, వస్తాంది!" అని కేకలు. వేలాడే స్తంభం పరీక్షలో పాసైంది, ఫొటో తీశారు, ఇంక నంది దగ్గరికి పరుగు. ఆ స్తంభం ఒక మూల నేలకు తగులుతూనే ఉందని ఎవరైనా గొణిగితే వాడికి భక్తి లేదని లెక్క.

ఆ స్తంభమున్న మండపంలోనే, పైకప్పు నిండా ఆడపిల్లలున్నారు. గిరిజా కల్యాణానికి ముస్తాబవుతున్న పెళ్లికూతురు, ఆమె చుట్టూ చెలికత్తెలు. పక్కకు తిరిగిన మొహాలు, బాణం ములుకుల్లా పొడుచుకొచ్చిన చెంగులు, చారలు, గళ్లు, పూలు. ఒకామె చీర ఇంకొకామెకు లేదు. పదహారో శతాబ్దం నుంచి అట్లాగే నిలబడి ఉన్నారు పాపం, ఎవరైనా తలెత్తుతారేమోనని.

బొమ్మను చూడటమంటే గుర్తొచ్చింది, పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో చిత్రకారుడు కోరో గీసిన పడుచు బొమ్మ ఒకటుంది, ఇంచుమించు 1870 నాటిది. మోనాలిసా మాదిరి చేతులు పెట్టుకుని కూర్చుంటుంది. పేరేమో ముత్యం పెట్టుకున్న స్త్రీ. తీరా చూస్తే నుదుటి మీద ఉన్నది ముత్యం కాదు, తలకు చుట్టుకున్న దండలోని చిన్న ఆకు. చూసీ చూసీ ఆకును ముత్యం చేసుకున్నారు అక్కడి జనం. తప్పే. ఆ తప్పు చేయడానికైనా బొమ్మకేసి చూడాలి గదా! మనం ఆ ప్రమాదంలో పడలేదు.

అచ్యుతరాయల కాలంలో పెనుకొండ నుంచి వచ్చి ఈ గుడి కట్టించిన విరూపణ్ణ, ఖజానా సొమ్ము తిన్నాడన్న నిందకు తన కళ్లు తానే పీకి గోడకు విసిరాడని కథ. ఆ ఎర్ర మరకలు చూపిస్తే చేతులు జోడిస్తాం. మన కళ్లు మాత్రం నేలకేసి విసిరాం, తువ్వాల వెంట.

ఒకసారి ధర్మవరం మగ్గం మనిషి ఒకాయన అదే మండపంలో వెల్లకిలా పడుకుని, పైనున్న చెలికత్తె చీర అంచులో గళ్లు వేళ్లమీద లెక్కపెట్టడం చూశాను. పెదవులు కదులుతున్నాయి. పద్నాలుగో పదిహేనో దాకా వచ్చినట్టున్నాడు, ఇంతలో తువ్వాల పట్టుకున్న పెద్దమనిషి వచ్చి కసిరాడు:

"లేయన్నా, స్తంభం చూసేవాళ్లకు అడ్డం పండుకున్నావు!"