మా రోజుల్లో చీకటి ఉండేది

మన బరంపురం కుర్రాళ్లు ఈమధ్య అమావాస్య వస్తే చాలు, నక్షత్ర శిబిరమంటూ గోపాలపురం అవతల సముద్రపు ఒడ్డుకి బయల్దేరుతున్నారు. గుడారాలు, టెలిస్కోపులు, ఫ్లాస్కుల్లో టీ. పిలిస్తే నేనూ వెళ్తుంటాను. ముచ్చటగానే ఉంటుంది. కానీ అక్కడ చూసినవి కొన్ని నాకు మింగుడుపడవు.

మా రోజుల్లో నక్షత్రాల కోసం ఊరు దాటే పని లేదు. మేడ ఎక్కితే చాలు, పాలపుంత కనిపించేది. మా నాయనమ్మకి అక్షరం ముక్క రాదు. అయినా కార్తీకంలో పిల్లలకోడి ఎంత ఎత్తుకొచ్చిందో చూసి రాత్రి ఎంత గడిచిందో చెప్పేసేది. సప్తర్షుల్లో వశిష్ఠుణ్ణీ, పక్కనే అరుంధతినీ మాకు వేలితో చూపించింది ఆవిడే. ఇప్పుడు మీట నొక్కితే టెలిస్కోపే తిరిగి శనిగ్రహం మీద ఆగుతుంది. "శని ఎటున్నాడు బాబూ, చేత్తో చూపించు" అంటే, "ఉండండి తాతగారూ, ఫోన్లో చూసి చెప్తాను" అంటాడు కుర్రాడు.

ఆ ఫోనే అసలు శత్రువు. చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడాలంటే 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. తెల్లటి వెలుగు ఒక్కసారి కంట్లో పడితే అంతా మళ్లీ మొదటికొస్తుంది. ఎర్ర కాగితం చుట్టిన టార్చి తప్ప మరో దీపం ఉండకూడదన్నది శిబిరంలో మొదటి నియమం. కానీ ఒకడు సెల్ఫీ తీస్తాడు, ఇంకొకడు కారు హెడ్‌లైట్లు వేసి మరీ సామాను దింపుతాడు.

పరికరం లేదన్నది మా పెద్దల కాలంలో సాకు కాదు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటాడు. గంజాం, విశాఖ రెండూ అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోవే. విశాఖలో గోడే వెంకట జగ్గారావు 1840లో తన ఇంట్లో కట్టుకున్న వేధశాలని ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు నడిపేవారు. శుక్రుడు దాటడాన్ని ఆయన టెలిస్కోపుతో పరిశీలించారు. మనకి ఎగువన ఖండపడా సంస్థానంలో పఠాణి సామంత అదే సంఘటనని టెలిస్కోపు లేకుండానే చూసి, సిద్ధాంత దర్పణంలో నమోదు చేశారు. ఆయన యంత్రాలు కర్రతో, వెదురుతో సొంతంగా చేసుకున్నవి. ఆ గ్రంథం 1899లో కలకత్తాలో అచ్చయింది. ఇద్దరికీ జీతమిచ్చి చూడమన్నవాళ్లు లేరు. శిబిరానికొచ్చే ప్రతి పిల్లకీ పిల్లాడికీ ఈ పేర్లు తెలియాలి.

ఈ కాలంలో మెరుగైనదీ ఉంది, కాదనను. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ నల్గొండ, ఖమ్మం దాటి, మన గంజాం మీదుగా కోణార్క్ దగ్గర సముద్రంలోకి దిగింది. అంతటి భాగ్యం తలమీదికొస్తే, ఊళ్లో చాలామంది తలుపులు బిగించుకుని కూర్చున్నారు. ఇప్పుడు ఆడపిల్లలు కూడా రాత్రంతా ఆరుబయట కూర్చుని గురుగ్రహపు చందమామల బొమ్మలు గీసుకుంటున్నారు. అది చూస్తే నాకు కడుపు నిండుతుంది.

గోపాలపురం మామూలు చోటు కాదు. దక్షిణాన అడ్డుకొండ లేదు, సముద్రమే. వైశాఖంలో దక్షిణ శిలువ నీళ్ల మీద లేస్తుంది. దానికి పైన ఒమేగా సెంటారీ మసక చుక్కలా కనిపిస్తుంది. అమెరికాలో స్టెల్లఫేన్ దగ్గర 1920ల నుంచి టెలిస్కోపుల వాళ్లు ఏటా కూడుతున్నారు. వాళ్ల ఆకాశంలో ఆ రెండూ ఎన్నడూ ఉదయించవు. అటువంటి దిక్కుకి హోటళ్ల ఫ్లడ్‌లైట్లు తిప్పి పెడుతున్నాం! 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను ఇక్కడే తీరం దాటింది. కరెంటు లేని ఆ రాత్రుల్లో, చంద్రుడు అస్తమించాక, మా చిన్ననాటి ఆకాశం మొత్తం తిరిగొచ్చింది. నక్షత్రాలు ఎక్కడికీ పోలేదు, మనమే కప్పేశాం.

చీకటిని కాపాడటం మనకి చేతకాని పనేమీ కాదు. రుషికుల్య ముఖద్వారం దగ్గర తాబేలు పిల్లలు గుడ్లలోంచి వచ్చేవేళ ఒడ్డు దీపాలు ఆర్పిస్తున్నాం. ఎందుకంటే అవి వెలుతురున్న వైపే పాకుతాయి, దీపముంటే సముద్రం వదిలి రోడ్డుకెక్కుతాయి. లదాఖ్‌లో హన్లే చుట్టూ 2022లో చీకటి ఆకాశాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించారు.

మనకంత ఆర్భాటం అక్కర్లేదు. వీధిదీపాలకి పైన మూతలు పెట్టి, వెలుతురు నేల మీదికే పడేలా చేయాలి. తెల్ల బల్బుల బదులు పసుపువి వేయాలి. రాత్రి పది దాటాక బీచి ఫ్లడ్‌లైట్లు ఆర్పాలి. కొత్త టెలిస్కోపుకి చందాలు పోగుచేసే కుర్రాళ్లు ముందు ఈ మూడూ కోరుతూ మునిసిపాలిటీకి అర్జీ రాయాలి. మొదటి సంతకం నేను పెడతాను.